మళ్లీ మన మేయరే!

పత్రికల్లో ఎన్నికల ర్యాలీ వార్త రాయడమంత తేలికైన పని ఇంకోటి లేదు. 'జనసంద్రమైంది', 'అడుగడుగునా బ్రహ్మరథం పట్టారు', 'మహిళలు హారతులిచ్చారు'... ఈ మూడు వాక్యాలూ ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. అభ్యర్థి పేరూ ఊరి పేరూ మారిస్తే చాలు. ఆ సంగతి జిల్లా విలేకరులు చూసుకుంటారు. ఆదివారం పుస్తకానికి రాసే మాలాంటివాళ్లను మాత్రం ఆ సంద్రంలో ఉప్పు ఎంతుందో రుచి చూసి రమ్మని పంపుతారు.

అలా నేను రుచి చూసిన ర్యాలీ 2021 మార్చి 8న జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 12 కార్పొరేషన్లకూ 75 మున్సిపాలిటీలు, నగర పంచాయతీలకూ మార్చి 10న పోలింగు. ప్రచారానికి అదే ఆఖరి రోజు. సాయంత్రం అయిదింటికల్లా మైకులు మూగబోవాలి. ఊరి పేరు రాయను. మా అమ్మా నాన్నా ఇంకా అక్కడే ఉంటున్నారు, వాళ్లింటికి కుళాయి నీళ్లు రావాలి. పార్టీ పేరు కూడా రాయను. మనుషుల్ని పోల్చుకోకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను. అయినా పోల్చుకున్నామని చాలా ఊళ్లవాళ్లు అంటారు. అందుకు నా బాధ్యత లేదు.

నాయకుడు ఇదివరకు ఒక విడత మేయరుగా చేసినాయన. ఇప్పుడు మళ్లీ ఆ కుర్చీయే కావాలి. బస్టాండు నుంచి గడియారస్తంభం దాకా ప్రతి కరెంటు స్తంభానికీ ఫ్లెక్సీ. 'మళ్లీ మన మేయరే!' అని ఒక్కో అక్షరం బిందెంత. దాని కింద ఆయన నిలువెత్తు ఫొటో, తెల్ల చొక్కా, చేతికి గడియారం, రెండు వేళ్లతో విజయ సంకేతం. చుట్టూ ముప్ఫైమంది దాకా అభిమానులు, ఒక్కొక్కరూ రూపాయి బిళ్లంత. ఆ బిళ్లల మధ్య, కుడివైపు అడుగున, పోస్టల్ స్టాంపు సైజులో ఒకావిడ. బొట్టు పెద్దది, నవ్వు చిన్నది.

అభ్యర్థి ఆవిడే.

జర్నలిజం డిప్లొమాలో మాకు మొదటి పాఠం ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా అని. ఈ ఆరు ప్రశ్నలకూ జవాబు వస్తే వార్త అయిపోయినట్టే. ఇక్కడ మొదటి ప్రశ్నకే చిక్కు వచ్చిపడింది. కరపత్రం అడిగి తీసుకున్నాను. నాలుగు పేజీలు. మూడు పేజీల నిండా ఆయన వేయించిన రోడ్లు, ఆయన కట్టించిన కల్వర్టులు, ఆయన ప్రారంభించిన శ్మశానవాటిక ప్రహరీ. నాలుగో పేజీ చివర్న 'మా సతీమణిని గెలిపించండి' అని ఆయన విన్నపం. ఆవిడ పేరు చిన్న అక్షరాల్లో ఉంది, సరిగ్గా మడత మీద పడి సగం చెరిగిపోయింది. కండువా వేసుకున్న ముగ్గుర్ని అడిగాను. "మేయరు గారి మేడమ్ గారండి" అన్నారు ముగ్గురూ. పేరండీ అంటే ముగ్గురూ నాలుగోవాడి వైపు చూశారు. నేనూ ఇక్కడ ఆవిడ పేరు రాయడం లేదు గానీ, నా కారణం వేరు.

అసలు మన ఊళ్లలో మేయరు గారు మళ్లీ మేయరు కావడమంటే లాటరీ తగలడమే. రిజర్వేషన్లు విడతకొక రకంగా మారుతుంటాయి. ఒకసారి జనరల్, ఒకసారి బీసీ, ఒకసారి మహిళ. సీట్లలో సగం ఆడవాళ్లకే. ఆయన గెలిచిన డివిజనూ, ఆయన కూర్చున్న కుర్చీ, రెండూ ఈసారి మహిళలకు వెళ్లిపోయాయి. చట్టం ఉద్దేశం ఏమిటంటే, ఇక ఆయన ఇంట్లో కూర్చోవాలని. ఆయన అర్థం చేసుకున్నది ఏమిటంటే, ఇంట్లో కూర్చున్నావిణ్ని బయటికి తేవాలని. రెండూ సగం సగం నెరవేరాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. జనం మేయర్ని నేరుగా ఎన్నుకునే రోజులు ఒకప్పుడు ఉండేవి. 2000లో విజయవాడ అలాగే ఓటేసి 26 ఏళ్ల పంచుమర్తి అనూరాధను మేయర్ని చేసింది. 2002లో హైదరాబాద్ తీగల కృష్ణారెడ్డిని నేరుగా ఎన్నుకుంది. 2005 ఎన్నికల నుంచి పద్ధతి మారింది. మనం కార్పొరేటర్లను ఎన్నుకుంటాం, వాళ్లు చేతులెత్తి మేయర్ని ఎన్నుకుంటారు. ఎమ్మెల్యేలూ ఎంపీలూ కూడా హోదా మీద వచ్చి చెయ్యెత్తుతారు. హైదరాబాద్‌లో 2020 డిసెంబరు ఎన్నికల్లో 150 డివిజన్లుంటే టీఆర్‌ఎస్‌కు 56, బీజేపీకి 48, మజ్లిస్‌కు 44, కాంగ్రెస్‌కు 2 వచ్చాయి. సగం ఎవరికీ రాలేదు. అయినా మేయరు ఎన్నిక జరిగింది, ఎవరి లెక్కలు వాళ్లు చూసుకున్నారు. కాబట్టి 'మేయర్ని గెలిపించండి' అని వీధిలో అరిచేవాళ్లు నిజానికి అడుగుతున్నది ఒక డివిజన్ కార్పొరేటరు ఓటు. మిగతాది తరువాతి బేరం. ఈ సంగతి మా అమ్మకు చెబితే, "పెళ్లికొడుకును చూపించి పెళ్లి చెయ్యడం పాత పద్ధతే. ఇప్పుడు పెళ్లయ్యాక చూపిస్తారన్నమాట" అంది.

ఆ ఎన్నికలకు మరో విశేషముంది. నామినేషన్లు వేసింది 2020 మార్చిలో. ఆ నెల 15న కరోనా కారణంగా ఆరు వారాలు వాయిదా అన్నారు. ఆరు వారాలు ఏడాది అయ్యింది. 2021 ఫిబ్రవరిలో మళ్లీ కదిలినప్పుడు ఎక్కడ ఆగిందో అక్కణ్నుంచే, అంటే ఉపసంహరణల దగ్గర్నుంచే మొదలుపెట్టారు. అంటే మన అభ్యర్థులు ఏడాది పాటు అభ్యర్థులుగానే ఉండిపోయారు. ఏకాదశి ఉపవాసం ఏడాది చెయ్యాల్సొస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఎవరింట్లో పెళ్లయినా, చావయినా, బారసాలయినా అభ్యర్థి వెళ్లాల్సిందే. లాక్‌డౌన్‌లో కూరగాయలు పంచాల్సిందే. మా ఇంటికి కూడా వచ్చింది ఒక సంచీ. రెండు సొరకాయలు, కిలో టమాటాలు, అరకిలో ఉల్లిపాయలు, సంచీ మీద మాజీ మేయరు గారి ఫొటో. కూరగాయలు రెండు రోజుల్లో అయిపోయాయి. సంచీ ఇప్పటికీ ఉంది. అమ్మ అందులో పాత బట్టలు పెడుతుంది.

ఇక ర్యాలీలోకి వద్దాం. కరపత్రం ప్రకారం ఉదయం ఎనిమిదింటికి బయల్దేరాలి. ఎనిమిదింటికి నేను, డప్పులవాళ్లు, ఒక ఊరకుక్క మాత్రమే ఉన్నాం. ఎనిమిదిన్నరకు ఎవరో పెద్దాయనకు గుర్తొచ్చింది, సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలమని. సరే, తొమ్మిదన్నారు. తొమ్మిదికి డీజే బండి వచ్చింది గానీ డీజిల్ రాలేదు. తొమ్మిదిన్నరకు బైకుల కుర్రాళ్లు వచ్చారు. వాళ్లు ఆలస్యం కావడానికి కారణం పెట్రోలు చీటీలు. చీటీకి లీటరు అని రాసుంటే బంకువాడు అరలీటరే పోశాడని గొడవ. పదింటికి టిఫిన్లు. పదిన్నరకు ఇడ్లీలు అయిపోయాయన్న వార్త పొక్కి వెనక వరుస సగం ఖాళీ. పదకొండుకు జీపు కదిలింది. ఈ మూడు గంటల్లో చెక్కుచెదరని క్రమశిక్షణతో ఉన్నది ఆ కుక్క ఒక్కటే. అదే ముందు నడిచింది కూడా.

కరోనా నిబంధనలు అప్పటికింకా అమల్లో ఉన్నాయి. అందరికీ పార్టీ రంగు మాస్కులు పంచారు. మూతికి పెట్టుకుంటే నినాదం వినపడదు, తీసేస్తే పోలీసు చూస్తాడు. అందుకని అందరూ గడ్డానికి పెట్టుకున్నారు. మూడొందల గడ్డాల మీద మూడొందల గుర్తులు. కల్యాణ మండపంలో వాడే పన్నీరు బుడ్డిలో శానిటైజరు పోసి ఒక కుర్రాడు జనం మీద చల్లుకుంటూ పోయాడు. ఒక ముసలాయన భక్తిగా కళ్లకద్దుకుని 'అబ్బా' అని అరిచాడు. ఆ రోజు ర్యాలీలో నేను విన్న నిజాయతీగల అరుపు అదొక్కటే.

నా పక్కన నడిచినామెకు నలభై ఏళ్లుంటాయి. ఇళ్లల్లో పనిచేస్తుందట. మూడొందలూ బిర్యానీ పొట్లమూ మాట. "సాయంత్రం అవతలి పార్టీవాళ్లది కూడా ఉంది గానీ, అయిదింటికే ఆపేస్తారంటగా, రెండూ కుదరవమ్మా" అంది బెంగగా. మరి ఓటెవరికి వేస్తావంటే నవ్వింది. ఆమె ఓటు ఈ డివిజన్‌లో లేనే లేదు, కాలవకు అవతల. తన పక్కనున్న పదిమందివీ అక్కడే. "ఇక్కడోళ్లు అక్కడికెళ్లారమ్మా. ఎవరి వీధిలో వాళ్లు తిరిగితే మొహమాటం కదా!" అంది. నాకది చాలా సబబుగా తోచింది. కరోనాతో అయిదారు నెలలు పనిళ్లు పోయినామె ఆ మూడొందల కోసం ఎండలో నడవడంలో నవ్వాల్సిందేమీ లేదు. ఆమె నన్ను అడిగిన ప్రశ్న మాత్రం ఇప్పటికీ గుర్తుంది. "మీకెంతిస్తారమ్మా?" జీతం చెప్పబోయి ఊరుకున్నాను. రోజుకు లెక్కేస్తే ఇద్దరికీ మరీ అంత తేడా లేదు, పైగా మాకు బిర్యానీ ఉండదు.

నినాదాల కుర్రాడి గొంతు రెండో వీధిలోనే పోయింది. అప్పటికి పది రోజులుగా నాలుగు డివిజన్లలో అరుస్తున్నాడట. మధ్యలో ఒకసారి అలవాటున పక్క డివిజను అభ్యర్థి పేరు పెట్టి 'నాయకత్వం వర్ధిల్లాలి' అన్నాడు. జనం 'వర్ధిల్లాలి' అనేశారు. జీపు మీదున్న మాజీ మేయరు గారు కూడా అన్నారు.

గాంధీ బొమ్మ సెంటర్లో క్రేను సిద్ధంగా ఉంది, గజమాలతో. బంతిపూలు, మధ్యమధ్య యాపిల్ పళ్లు. మాల దించేసరికి ఆయన రెండు చేతులూ చాచి అందులో ఇమిడిపోయారు. ఆవిడ పక్కకు తప్పుకోవాల్సి వచ్చింది, ఇద్దరికీ పట్టదు మరి. ఫొటోలయ్యాక క్రేను మాలను పైకి లాగుతుండగా యాపిల్ పళ్ల కోసం పిల్లలు ఎగబడ్డారు. అందులో రెండు వచ్చి జీపు బానెట్ మీద పడ్డాయి. ఆవిడ ఒకటి తీసి కింద ఏడుస్తున్న చంటివాడి చేతిలో పెట్టింది. ఫొటోగ్రాఫరు అప్పుడు లెన్సు మారుస్తున్నాడు.

అక్కడే ఉపన్యాసం. మార్చి 8 కదా, మహిళా దినోత్సవం. ఆ సంగతి ఎవరో చెవిలో ఊదారు. ఇక ఆయన అందుకున్నారు. స్త్రీ ఆదిశక్తి. స్త్రీ భూదేవి. స్త్రీ లేనిదే ఇల్లు లేదు, ఇల్లు లేనిదే ఊరు లేదు. ఈ రోజు మహిళలు అంతరిక్షంలోకి వెళుతున్నారు. అందుకే మా మేడమ్‌ని మీ ముందుకు తెచ్చాను. ఇరవై రెండు నిమిషాలు, గడియారం చూసుకున్నాను. మేడమ్ గారు ఆ ఇరవై రెండు నిమిషాలూ చేతులు జోడించే ఉన్నారు. మధ్యలో ఒకసారి కుడిచేయి దించి మోచెయ్యి రుద్దుకోబోతే వెనకనుంచి ఎవరో 'దండం, దండం' అని గుర్తుచేశారు.

ఇంతవరకూ చెప్పింది మీరు ఏ ఊళ్లోనైనా చూసేదే. తరువాత జరిగింది మా అమ్మావాళ్ల వీధి మలుపులో.

ఆ వీధికి నీళ్లు రోజు విడిచి రోజు, తెల్లవారుజామున నాలుగున్నరకు. అరగంట వస్తాయి. మొదటి పది బిందెలూ పచ్చగా, వాసనతో ఉంటాయి. అవి పారబోసి తరువాతివి పట్టుకోవాలి. ఆ తరువాతివి వచ్చేసరికి కుళాయి ఆగిపోతుంది. మా అమ్మ మోకాళ్ల నొప్పులతో నాలుగింటికే లేచి కూర్చోవడం నేను చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను, అప్పుడు మోకాళ్లు మాత్రం బాగుండేవి. ఇదేం చిన్న సంగతి కాదు. 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరులో తాగేనీళ్లలో మురుగు కలిసి అతిసారం వచ్చి మనుషులు చనిపోయారు. రెండూ పెద్ద ఊళ్లే. రెండింటికీ ఇంజినీర్లు ఉన్నారు.

మలుపులో హారతి పళ్లెం పట్టుకుని నిలబడింది మా ఎదురింటి పిన్నిగారు. ఆయన అలవాటుగా పళ్లెంలో అయిదొందల నోటు వేశారు. ఆవిడ నోటు వైపు చూడకుండా, "నీళ్లు కంపు కొడుతున్నాయండీ. మీరు మేయరుగా ఉన్నప్పుడూ కొట్టాయి. ఇప్పుడూ కొడుతున్నాయి. మనవడికి రెండుసార్లు విరేచనాలై ఆసుపత్రిలో పెట్టాం. ఏంచేస్తారో చెప్పండి" అంది. డీజేవాడు అప్పుడే పాట మార్చుకుంటున్నాడేమో, అంతా నిశ్శబ్దంగా ఉండి ఆ మాటలు వీధి చివరిదాకా వినబడ్డాయి.

ఆయన నవ్వారు. "అమ్మా, మన ప్రభుత్వం రాగానే కోట్ల రూపాయలతో..." అని మొదలుపెట్టారు.

"గుడి దగ్గర జాయింటు పిన్నిగారూ."

అన్నది ఎవరా అని చూస్తే మేడమ్. అప్పటిదాకా నేను ఆవిడ గొంతే వినలేదు. మైకు లేదు, జీపు అంచు పట్టుకుని కిందికి వంగి మాట్లాడుతోంది. "ట్యాంకు నుంచి మీకొచ్చే పైపు రాములవారి గుడి వెనక మురుక్కాలవలోంచి పోతుంది. అక్కడ జాయింటు దగ్గర పగిలింది. నీళ్లొదిలినప్పుడు బయటికి కారుతుంది. కట్టేశాక పైపు ఖాళీ అవుతుంది కదా, అప్పుడు కాలవ నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది. అందుకే మొదటి పది బిందెలే కంపు. మా పుట్టింటిదీ ఆ లైనే. పైపు మార్చక్కర్లేదు, కాలవలోంచి తీసి గట్టుమీద వేస్తే చాలు. నలభై గజాలు ఉంటుంది."

ఎదురింటి పిన్నిగారు హారతి పళ్లెం కిందికి దించేసింది. "మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం తల్లీ?"

మేడమ్ పక్కకు చూసింది. "చెప్పాను" అంది.

ఆ ఒక్క మాటకు వీధిలో ఆడవాళ్లంతా ఒకేసారి నవ్వారు. ఆయన కూడా నవ్వడానికి ప్రయత్నించారు. సరిగ్గా అప్పుడు డీజేవాడికి పాట దొరికింది. జీపు కదిలింది. ఆవిడ చేతులు మళ్లీ జోడించుకుంది. పళ్లెంలో నోటును పిన్నిగారు కొంగున ముడేసుకుంది. ప్రశ్న వేరు, నోటు వేరు.

సాయంత్రం అయిదింటికి మైకులు ఆగాయి. నడిచినామెకు రెండొందలే ముట్టాయని తరువాత తెలిసింది, వంద మేస్త్రీ కమీషను. బిర్యానీ మాత్రం ఇచ్చారు, కోడిగుడ్డు లేకుండా.

పోలింగు రోజు నేను తిరిగి డెస్కులో ఉన్నాను. అమ్మకు ఫోన్ చేసి ఎవరికి వేశావంటే చెప్పలేదు. నాన్నకే చెప్పలేదట. మార్చి 14న లెక్కించారు. ఆవిడ డివిజనులో గెలిచింది. పార్టీకి మాత్రం కౌన్సిల్లో సగం సీట్లు కాదుగదా, పావు కూడా రాలేదు. మేయరు కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు. 'మళ్లీ మన మేయరే' ఫ్లెక్సీలను ఊళ్లోవాళ్లు విప్పుకుపోయి ఆ వానాకాలం పాకల మీద కప్పుకున్నారు. మా వీధి చివర ఇస్త్రీ బండి మీద ఆయన రెండేళ్లు అలాగే నవ్వుతూ వానకు తడిశారు. ఊరికి ఆయన నేరుగా పనికొచ్చిన సందర్భాల్లో అదొకటి.

కౌన్సిల్ సమావేశానికి మొదటిరోజు దంపతులిద్దరూ కలిసే వెళ్లారట. సభ్యులే లోపలికి రావాలని గుమ్మం దగ్గర అటెండరు ఆపేశాడు. ఆయన కార్లో ఏసీ వేసుకుని కూర్చుని నాలుగుసార్లు ఫోన్ చేశారట. ఆవిడ ఎత్తలేదు. ఈ కబురు అటెండరు నుంచి టీకొట్టుకీ, టీకొట్టు నుంచి ఎదురింటి పిన్నిగారికీ, అక్కణ్నుంచి అమ్మకీ చేరింది కాబట్టి నాలుగుసార్లన్నది రెండుసార్లయినా కావచ్చు.

కరపత్రం మీద ఉన్న నంబరు ఆయనది. అమ్మ మొదట దానికే చేసింది. "మేడమ్ పూజలో ఉన్నారమ్మా, విషయం నాకు చెప్పండి" అన్నారట. సాయంత్రం చేస్తే అప్పుడూ పూజలోనే ఉన్నారు. రెండు నెలల తరువాత పాలపాకెట్లవాడు కొత్త నంబరు తెచ్చిచ్చాడు, చీటీ మీద పెన్సిలుతో రాసింది. దానికి చేస్తే ఆవిడే ఎత్తింది. వెనకాల కుక్కరు విజిల్ వినిపించిందట.

"పిన్నిగారూ, గట్టు మీద పైపు వేయించడానికి ఎస్టిమేటు రాయించాను. ఇంజినీరు గారు వీధి కొలతలు తేలేదంటున్నాడు. మీ గేటు నుంచి గుడి గోడ దాకా ఎన్ని అడుగులుంటుందో కాస్త చూసి చెబుతారా?" అని అడిగిందట.

ఆ రాత్రి నాన్న ఫోన్లో ఫిర్యాదు. కొలిచే టేపు కనబడక చీరలు కొలిచే అమ్మ గజం కర్రతో వీధిలో వంగి వంగి కొలిచారట. గుడి దాకా వెళ్లేసరికి లెక్క తప్పిందని అమ్మ మళ్లీ మొదట్నుంచి కొలిపించిందట.